క్యాంపస్‌లో చెత్తను సరిగ్గా వేరు చేయడం ఎలా? హాస్టల్ గది నుంచి ల్యాబ్ దాకా సమగ్ర మార్గదర్శి

యూనివర్సిటీ క్యాంపస్‌లో పుట్టే చెత్త ఇంట్లో చెత్తలాంటిది కాదు. ఒకే గేటు లోపల హాస్టళ్లు, మెస్‌లు, క్యాంటీన్లు, లైబ్రరీ, ప్రింటింగ్ గదులు, కెమిస్ట్రీ ల్యాబులు, హెల్త్ సెంటర్, ఆటస్థలాలు, మధ్యలో పెద్ద పెద్ద ఈవెంట్లు. ఒక చిన్న ఊళ్లో ఎన్ని రకాల చెత్త పుడుతుందో ఇక్కడా అన్ని రకాలూ పుడతాయి, పైగా ఆ ఊరి జనంలో పెద్ద భాగం ఏటా మారిపోతుంటారు. అందుకే రెండు రంగుల డబ్బాలు పెట్టేసి పని అయిపోయింది అనుకుంటే కుదరదు.

ఇది విద్యార్థులకూ, హాస్టల్ కమిటీలకూ, గ్రీన్ క్లబ్బులు నడిపేవాళ్లకూ రాస్తున్నాను. ముందు చేతిలో ఉన్న వస్తువు ఎందులో వేయాలో చూద్దాం, తర్వాత క్యాంపస్ మొత్తానికి ఏర్పాటు ఎలా చేయాలో చూద్దాం. రెండింటికీ ఆధారం ఒకటే: డబ్బా ఖాళీ అయ్యాక అందులోది ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు దాంతో ఏం చేయగలరో ముందు తెలుసుకోవాలి. ఏది ఎందులో వేయాలన్నది అక్కడి నుంచే తేలుతుంది.

మొదటి అడుగు: మీ చెత్త ఎక్కడికి వెళ్తోందో కనుక్కోండి

క్యాంపస్ చెత్తను కొన్ని చోట్ల నగరపాలక సంస్థ బండి తీసుకెళ్తుంది, కొన్ని చోట్ల ప్రైవేటు కాంట్రాక్టర్ తీసుకెళ్తాడు, కొన్ని చోట్ల తడి చెత్త లోపలే కంపోస్ట్ అవుతుంది. పారిశుద్ధ్య సూపర్‌వైజర్ దగ్గరికో, భవనాల నిర్వహణ చూసే ఆఫీసుకో వెళ్లి నేరుగా అడగండి. ఎన్ని రకాలుగా విడిగా తీసుకెళ్తున్నారు? కాగితం, ప్లాస్టిక్, రేకు డబ్బాలు, గాజు అన్నీ ఒకే సంచిలో వేయొచ్చా, లేక దేనికది వేరుగా ఉండాలా? లోపల ఏం కనిపిస్తే సంచిని తిప్పి పంపేస్తారు? ఈ-వేస్ట్, బ్యాటరీలు, ల్యాబ్ వ్యర్థాలు ఎవరు తీసుకుంటారు, ఏ రోజు?

ఈ జవాబులు లేకుండా పోస్టర్ తయారు చేయకండి. ఒక ఊళ్లో తీసుకునే పేపర్ కప్పును ఇంకో ఊళ్లో తీసుకోరు, ఒక దేశంలో నీలం డబ్బా కాగితానికైతే ఇంకో దేశంలో మరోదానికి. పక్క యూనివర్సిటీ వాళ్ల జాబితాను కాపీ కొడితే మీ కాంట్రాక్టర్‌కు పనికిరాని సరుకు పోగవుతుంది.

ఇంకో అనుమానం చాలామందిలో ఉంటుంది: "ఎంత వేరు చేసినా చివరికి అన్నీ ఒకే బండిలో కలిపేస్తారు కదా." ఇది కొన్ని చోట్ల నిజం. కొన్ని చోట్ల మాత్రం ఒకే బండిలో లోపల వేర్వేరు అరలుంటాయి, లేదా సంచుల రంగు చూసి కేంద్రంలో విడదీస్తారు, బయటి నుంచి చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. బండి వచ్చే టైముకి వెళ్లి చూడండి, డ్రైవర్‌ను అడగండి. నిజంగానే కలిపేస్తున్నారని తేలితే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేయించండి. ఎందుకంటే వేరు చేసిన చెత్త మళ్లీ కలిసిపోవడం ఒక్కసారి కళ్లారా చూసిన విద్యార్థిని తర్వాత ఏ పోస్టరూ నమ్మించలేదు.

రెండో అడుగు: డబ్బా ముందు నిలబడినప్పుడు ఈ వరసలో ఆలోచించండి

జాబితాలు బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు, ఇదే వరసలో.

ఇది ఎవరినైనా గాయపరచగలదా, దీనికి మంట అంటుకోగలదా, విషమా? అవునైతే ఏ మామూలు డబ్బాలోనూ వేయకూడదు. దీని సంగతి ఏడో అడుగులో.

ఇందులో తిండిగానీ ద్రవంగానీ ఉందా? ఉంటే ముందు ఖాళీ చేయండి. తిండి తడి చెత్తలోకి, మిగిలిన నీళ్లూ కూల్‌డ్రింకూ సింకులోకి. తళతళా మెరిసేలా కడగాల్సిన పని లేదు, కొంచెం నీళ్లు పోసి ఒక్కసారి ఆడించి పారబోస్తే చాలు.

ఇది ఒకే పదార్థంతో చేసిందా? గాజు సీసా, రేకు డబ్బా, అట్టపెట్టె అయితే దారి సులువు. ప్లాస్టిక్, అల్యూమినియం, కాగితం పొరలు అతుక్కుని ఉన్నదైతే చాలా చోట్ల రీసైకిల్ కాదు. చేత్తో విడదీయగలిగితే విడదీసి వేయండి.

చివరిది: మన కాంట్రాక్టర్ దీన్ని తీసుకుంటాడా? తెలియకపోతే మామూలు చెత్తలోనే వేయండి.

ఈ ఆఖరి మాట చాలామందికి నచ్చదు. "ఏమో, రీసైకిల్ అవుతుందేమో" అని రీసైక్లింగ్ డబ్బాలో వేయడమే మంచిపని అనిపిస్తుంది. నిజానికి ఎక్కువ నష్టం చేసేది ఆ "ఏమో"నే. సగం తాగిన టీ కప్పు ఒకటి కాగితాల డబ్బాలో పడితే చుట్టూ ఉన్న పొడి కాగితమంతా తడిసి పనికిరాకుండా పోతుంది. 2018లో చైనా విదేశాల నుంచి వచ్చే పాత కాగితం, ప్లాస్టిక్‌ల మీద ఆంక్షలు పెట్టినప్పుడు చాలా రకాల సరుకులో కల్తీ 0.5 శాతం మించకూడదంది. అప్పటిదాకా కలగాపులగంగా పంపించిన దేశాల్లో ఎన్నో నగరాలు సరుకు కొనేవాళ్లు లేక ఇబ్బంది పడ్డాయి. శుభ్రంగా ఉన్న కొంచెం సరుకుకే విలువ, మురికి కలిసిన పెద్ద కుప్పకు కాదు.

వేరు చేసే కేంద్రంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పెద్ద కేంద్రాల్లో చెత్త కన్వేయర్ బెల్టు మీద వస్తుంది, తిరిగే డిస్కులు అట్టలను పైకి తోస్తాయి, చిన్నవి కిందికి రాలతాయి, అయస్కాంతం ఇనుప డబ్బాలను లాగేస్తుంది, మారే అయస్కాంత క్షేత్రం అల్యూమినియాన్ని పక్కకు ఎగరేస్తుంది, పరారుణ కాంతి ప్లాస్టిక్ రకాన్ని గుర్తిస్తుంది. వీటన్నిటి మధ్య మనుషులు నిలబడి చేతులతో ఏరుతుంటారు. యంత్రాలు తక్కువున్న చోట్ల మొత్తం పని చేతులదే. మనం వేసిన పగిలిన గాజు, వాడిన సూది తగిలేది ఆ చేతులకే.

మూడో అడుగు: కాగితం, అట్ట

క్యాంపస్‌లో అన్నిటికంటే సులువుగా, అన్నిటికంటే శుభ్రంగా సేకరించగలిగేది ఇదే. ప్రింటౌట్లు, పాత నోట్సు, కవర్లు, పుస్తకాలు, అట్టపెట్టెలు అన్నీ వెళ్తాయి. కాగితంలోని పీచు సాధారణంగా ఐదు నుంచి ఏడు సార్ల దాకా మళ్లీ కాగితం అవుతుంది, ప్రతిసారీ ఆ పీచు పొట్టిదవుతూ పోతుంది. అందుకే తెల్లని ప్రింటింగ్ కాగితాన్ని అట్టలతో కలపకుండా విడిగా ఉంచగలిగితే దానికి ఎక్కువ విలువ ఉంటుంది. పరీక్షలయ్యాక డిపార్ట్‌మెంట్ల నుంచి కుప్పలుగా వచ్చే జవాబు పత్రాలకు, డ్రాఫ్టులకు ప్రింటర్ పక్కనే ఒక డబ్బా పెట్టండి. వ్యక్తిగత వివరాలున్న కాగితాలను ముందు ముక్కలు చేయించాలి, ఆ ముక్కలను మాత్రం వదులుగా వేయకుండా కాగితపు సంచిలో పెట్టి ఇవ్వండి, లేకపోతే అవి బెల్టు మీద నుంచి రాలి చెత్తలో కలిసిపోతాయి.

స్టేపుల్ పిన్నులు తీయక్కర్లేదు, మిల్లులో అవి వేరైపోతాయి. స్పైరల్ బైండింగ్, ప్లాస్టిక్ అట్ట మాత్రం లాగేయండి.

కాగితంలా కనిపిస్తూ ఆ డబ్బాలో పడకూడనివి కొన్ని ఉన్నాయి. టిష్యూలు, చేతులు తుడుచుకునే పేపర్ నాప్కిన్లు: వీటి పీచు ఇప్పటికే బాగా పొట్టిది, పైగా మురికి. కంపోస్ట్ ఉంటే అందులోకి, లేకపోతే మామూలు చెత్తలోకి. ఏటీఎం స్లిప్పులు, బిల్లులు: ఇవి వేడికి నల్లబడే రసాయన పూత ఉన్న కాగితాలు, చాలావాటిలో బిస్ఫినాల్ రకం రసాయనాలుంటాయి, మామూలు కాగితంతో కలపకూడదు. లామినేట్ చేసిన కార్డులు, మెరిసే గిఫ్ట్ కాగితం కూడా పనికిరావు. పిజ్జా పెట్టెలో నూనె పీల్చుకున్న అడుగు భాగాన్ని చింపి తడి చెత్తలో వేసి, శుభ్రంగా ఉన్న మూతను అట్టల్లో వేయండి.

ఇక పేపర్ కప్పు. దాని లోపల కారకుండా పలుచటి పాలిథిలీన్ పొర ఉంటుంది. ఆ పొరను విడదీయగల మిల్లులు ఉన్నాయి కానీ అన్ని చోట్లా లేవు. మీ కాంట్రాక్టర్ తీసుకుంటానంటే కప్పులకు విడిగా ఒక నిలువు గొట్టం పెట్టి, పక్కన మిగిలిన ద్రవం పారబోయడానికి బకెట్ పెట్టండి, కప్పులు ఒకదాంట్లో ఒకటి ఒదిగి తక్కువ చోటులో సర్దుకుంటాయి. తీసుకోనంటే అది మామూలు చెత్త, అంతే. కప్పు మీద పచ్చని ఆకు బొమ్మ ఉందా లేదా అన్నదాంతో సంబంధం లేదు.

అట్టపెట్టెలను విప్పి బల్లపరుపుగా చేయండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే హాస్టళ్లలో రీసైక్లింగ్ డబ్బాలు పొద్దున్నే నిండిపోతాయి, తర్వాత వచ్చేవాళ్లు దిక్కులేక పక్క డబ్బాలో పడేస్తారు.

నాలుగో అడుగు: ప్లాస్టిక్

ఇక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే ప్లాస్టిక్ అనేది ఒక్క పదార్థం కాదు. 2017లో వెలువడిన ఒక విస్తృత అంచనా ప్రకారం 2015 దాకా ప్రపంచంలో పుట్టిన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయినది దాదాపు 9 శాతమే.

ముందు ఆ త్రిభుజం సంగతి. మూడు బాణాలు ఒకదాన్నొకటి తరుముకునే గుర్తును 1970లో గ్యారీ ఆండర్సన్ అనే అమెరికన్ విద్యార్థి ఒక పోటీ కోసం గీశాడు. ప్లాస్టిక్ మీద కనిపించే, మధ్యలో 1 నుంచి 7 దాకా అంకె ఉన్న గుర్తు 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చింది. ఆ అంకె ఏ రకం రెజిన్, అంటే ఏ రకం ప్లాస్టిక్ పదార్థం అన్నది మాత్రమే చెబుతుంది, ఈ వస్తువు రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. త్రిభుజం కనిపించింది కదా అని డబ్బాలో వేసేవాళ్లు ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటారు, మీ పోస్టర్‌లో ఈ విషయం పెద్ద అక్షరాల్లో రాయండి.

1 అంటే పెట్, నీళ్లు, కూల్‌డ్రింకుల సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ, షాంపూ, డిటర్జెంట్ డబ్బాలు, పాల క్యాన్లు. ఈ రెంటికీ దాదాపు అన్ని చోట్లా కొనేవాళ్లుంటారు. 5 అంటే పీపీ, మూతలున్న తిండి డబ్బాలు, వీటికి గిరాకీ చోటును బట్టి మారుతుంది. 3 అంటే పీవీసీ, ఇది పెట్‌తో కలిస్తే మొత్తం సరుకునే పాడుచేస్తుంది. 4 పలుచటి కవర్లు. 6 పాలీస్టైరీన్, అంటే థర్మోకోల్, నురగ కప్పులు, వీటిని చాలా చోట్ల తీసుకోరు. 7 అంటే మిగతావన్నీ, దానిమీద ఆశ పెట్టుకోకండి. నల్లటి ప్లాస్టిక్ ట్రేలది మరో సమస్య: వాటికి రంగునిచ్చే కార్బన్ బ్లాక్ పరారుణ కాంతిని మింగేస్తుంది, యంత్రానికి అది కనిపించదు. కాబట్టి క్యాంటీన్ పార్సిల్ డబ్బాలు కొనేటప్పుడే నల్లవి వద్దని చెప్పడం డబ్బాల దగ్గర చేసే ఏ ప్రయత్నం కన్నా నయం.

సీసా మూత తీయాలా, ఉంచాలా? చాలా కేంద్రాలు ఇప్పుడు బిగించి ఉంచమనే అంటున్నాయి. విడిగా వేసిన మూత, సుమారు 5 సెంటీమీటర్ల కన్నా చిన్నదేదైనా, జల్లెడ లోంచి జారి చెత్తలో కలుస్తుంది. బిగించి ఉంటే సీసాతో పాటు వెళ్తుంది, ముక్కలు చేసి నీళ్లలో వేశాక పెట్ మునుగుతుంది, మూత ప్లాస్టిక్ తేలుతుంది, అలా రెండూ వేరవుతాయి. మీ కాంట్రాక్టర్ చేతులతో ఏరించే పద్ధతిలో ఉంటే మాత్రం మూతలు విడిగా అడగొచ్చు, కనుక్కోండి.

కవర్లు, చుట్టే పలుచటి ఫిల్మ్‌లు గట్టి ప్లాస్టిక్‌తో కలిపి వేయకూడదు. అవి తిరిగే ఇరుసులకు చుట్టుకుంటాయి, యంత్రం ఆపి మనుషులు లోపలికి దిగి కత్తులతో కోసి తీయాల్సి వస్తుంది. అందుకే రీసైక్లింగ్ సరుకును ముడేసిన ప్లాస్టిక్ కవర్లో వేయడం కూడా తప్పే, లోపల ఏముందో తెలియని సంచిని చాలా చోట్ల విప్పకుండానే పక్కన పడేస్తారు. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు ప్లాస్టిక్ మీద పలుచటి లోహపు పూత వేసినవి. నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంటే అది ప్లాస్టిక్ రేపర్, నలిపినట్టే ఉండిపోతే అల్యూమినియం ఫాయిల్. ఫాయిల్‌ను శుభ్రం చేసి పెద్ద ఉండగా చుట్టి లోహాల్లో వేయొచ్చు, రేపర్లు మామూలు చెత్త.

"బయోడీగ్రేడబుల్", "కంపోస్టబుల్" అని రాసి ఉన్న కప్పులు, చెంచాలు కూడా ఇక్కడే చెప్పాలి. వీటిలో చాలావాటికి వాడే పీఎల్ఏ మొక్కల నుంచి వచ్చేదే, కానీ అది సుమారు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే పెద్ద కంపోస్ట్ కేంద్రంలోనే తగిన వేగంతో కుళ్లిపోతుంది. హాస్టల్ వెనక గుంతలో వేస్తే చాలాకాలం అలాగే ఉంటుంది, పెట్ సీసాల్లో కలిస్తే ఆ సరుకును పాడుచేస్తుంది. అలాంటి కేంద్రంతో ఒప్పందం లేని క్యాంపస్ ఎక్కువ డబ్బు పెట్టి వీటిని కొనడం దండగ. కడిగి మళ్లీ వాడే స్టీలు గ్లాసులూ పళ్లేలూ పెట్టండి, ఏది ఎందులో వేయాలన్న ప్రశ్నే రాదు.

ఐదో అడుగు: లోహం, గాజు

లోహానికి పెద్దగా సందేహాలు లేవు. అల్యూమినియం డబ్బాలు, ఇనుప డబ్బాలు ఖాళీ చేసి వేయడమే. గనిలోంచి తీసిన ముడిసరుకుతో కొత్తది తయారు చేయడంతో పోలిస్తే పాత అల్యూమినియాన్ని కరిగించి వాడటానికి దాదాపు 95 శాతం తక్కువ శక్తి పడుతుంది, కాబట్టి ఒక్క డబ్బా కూడా మామూలు చెత్తలోకి పోనివ్వకండి. డియోడరెంట్, స్ప్రే డబ్బాలు పూర్తిగా ఖాళీ అయితేనే వేయాలి, లోపల గ్యాస్ ఉంటే నొక్కినప్పుడు పేలతాయి, వాటికి చిల్లు పొడవకండి.

గాజులో సీసాలు, జాడీలు మాత్రమే. తాగే గ్లాసులు, అద్దాలు, కిటికీ గాజు, పింగాణీ వేరే రకాలు. ముఖ్యంగా ల్యాబుల్లోని బీకర్లు, టెస్ట్ ట్యూబులు బోరోసిలికేట్ గాజు, అది సీసా గాజు కన్నా ఎక్కువ వేడికి గానీ కరగదు. సీసాలతో కలిస్తే కొలిమిలో కరగని ముక్కలుగా మిగిలి, కొత్త సీసాల్లో లోపాలవుతాయి. శుభ్రంగా ఉన్నా సరే, ల్యాబ్ గాజును సీసాల డబ్బాలో వేయకండి.

ఆరో అడుగు: తడి చెత్త

మెస్‌లు, క్యాంటీన్లు ఉన్న క్యాంపస్‌లో బరువులో పెద్ద వాటా దీనిదే అవుతుంది, వాసన, ఈగలు, ఎలుకలు కూడా దీనివల్లే. డంపింగ్ యార్డులో గాలి ఆడకుండా కుళ్లితే ఇది మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కన ఒక కిలో మీథేన్ భూమిని వేడెక్కించడంలో దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. తడి చెత్తను విడిగా తీయగలిగితే మిగతా పొడి చెత్త దానంతట అదే శుభ్రంగా ఉంటుంది. ఏ ఒక్క పనితో మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను దీన్నే చెబుతాను.

పళ్లేలు ఇచ్చే చోట ముందు తిండి గీసి వేసే డబ్బా, తర్వాత ద్రవాలకు జాలీ ఉన్న బకెట్, తర్వాత నాప్కిన్లు, చివర్లో పళ్లేలు పెట్టే బల్ల, ఈ వరస ఉండాలి. అందరూ అన్నీ ఒకే డబ్బాలో కుమ్మరించాక వేరు చేయడం ఎవరివల్లా కాదు. ఆ డబ్బాలో పడకూడనివి సాస్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ చెంచాలు, పళ్ల మీద అంటించే చిన్న స్టిక్కర్లు, చాలా రకాల టీ బ్యాగులు (వాటి సంచి అంచుల్లో ప్లాస్టిక్ ఉంటుంది, లోపలి టీ పొడిని దులిపి వేయండి).

కంపోస్ట్ లోపలే చేస్తుంటే తిండి ఒక్కటే పోగేస్తే కుళ్లి కంపు కొడుతుంది. ఎండుటాకులు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు కలపాలి. కార్బన్, నైట్రోజన్ల పాళ్లు 25 నుంచి 30కి 1 ఉంటే సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయి, చేతి లెక్కలో చెప్పాలంటే ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు. క్యాంపస్‌లో ఊడ్చే ఆకులను తగలబెట్టకుండా దీనికే దాచి పెట్టండి. కుప్ప మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితే చాలా రకాల రోగకారక క్రిములు చస్తాయి. పొడవాటి థర్మామీటర్ ఒకటి కొనండి, అంచనాతో పని చేయకండి. పిడికిట పట్టి నొక్కితే తడిగా ఉండాలి కానీ నీళ్లు కారకూడదు.

కంపోస్ట్ ఉంది కదా అని తిండి పారేయడం పెరగకూడదు. పళ్లేల్లో మిగిలింది రోజూ తూచి ఆ అంకెను మెస్ గోడ మీద రాయండి. వడ్డించేవాళ్లు "కొంచెం పెట్టి, కావాలంటే మళ్లీ పెట్టే" పద్ధతికి మారితే ఆ అంకె తగ్గడం కనిపిస్తుంది.

ఏడో అడుగు: మామూలు డబ్బాలో ఎప్పటికీ వేయకూడనివి

లిథియం బ్యాటరీలు మొదటి స్థానంలో. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పవర్ బ్యాంకులు, ఇయర్‌బడ్స్, వేప్‌లు అన్నిట్లో ఇవే. చెత్త బండిలో నలిగినప్పుడు లోపల షార్ట్ అయి మంటలు లేస్తాయి. చెత్త బండ్లలో, వేరు చేసే కేంద్రాల్లో జరిగే అగ్ని ప్రమాదాలకు ఇవి ఒక ముఖ్య కారణం. బ్యాటరీ కొసలకు టేపు అంటించి సేకరణ పెట్టెలో వేయండి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, నొక్కకండి, పొడి ఇసుక ఉన్న లోహపు డబ్బాలో పెట్టి, కాలే వస్తువులకు దూరంగా ఉంచి, బాధ్యులకు వెంటనే కబురు చేయండి.

ఈ-వేస్ట్ అంటే వైరు, ప్లగ్గు, బ్యాటరీ ఉన్నదేదైనా. 2022లో ప్రపంచంలో పుట్టిన ఈ-వేస్ట్ సుమారు 6.2 కోట్ల టన్నులు, సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది అందులో 22.3 శాతమే. చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు సొరుగుల్లో మూలుగుతుంటాయి, లైబ్రరీ గుమ్మం దగ్గర తాళం వేసిన పెట్టె ఒకటి పెడితే అవన్నీ బయటికొస్తాయి. ఫోన్, ల్యాప్‌టాప్ ఇచ్చేముందు అకౌంట్ల నుంచి లాగౌట్ అయి డేటా పూర్తిగా చెరిపేయండి, ఈ టెన్షన్ వల్లే చాలామంది ఇవ్వరు, కాబట్టి ఎలా చెరపాలో పెట్టె మీదే రాసి పెట్టండి. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టలో చుట్టి విడిగా ఇవ్వాలి. గదిలో పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లండి, వాక్యూమ్ క్లీనర్ వాడకండి, తర్వాత గట్టి అట్టతో పోగుచేసి, టేపుతో నలుసులు ఎత్తి మూసిన డబ్బాలో పెట్టండి.

ల్యాబ్ చెత్తకు భద్రతా విభాగం చెప్పిందే ఆఖరి మాట. అయినా బయటి విద్యార్థులకూ తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. రసాయనాలు సింకులో పోయకూడదు. హాలోజెన్ (క్లోరిన్ లాంటి మూలకాలు) ఉన్న ద్రావణాలను, లేనివాటిని వేర్వేరు క్యాన్లలో పోయాలి, ఒకదానితో ఒకటి చర్య జరిపేవి పక్కపక్కన కూడా ఉంచకూడదు. ప్రతి క్యాన్ మీద లోపల ఏముందో పూర్తి పేరు, తేదీ రాయాలి, ఫార్ములా మాత్రమే రాస్తే తీసుకెళ్లేవాళ్లకు అర్థం కాదు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని గట్టి డబ్బాలోకి, పగిలిన గాజు దాని పెట్టెలోకి. జీవ పదార్థాలు ముందు ఆటోక్లేవ్ కావాలి, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో క్రిములు చచ్చేలా ఉంచాలి. గ్లవ్స్ చూడటానికి మామూలు ప్లాస్టిక్‌లా ఉన్నా వాడినవాటిని రీసైక్లింగ్‌లో వేయకండి. ఖాళీ అయిన రసాయన సీసాను నియమం ప్రకారం కడిగి, లేబుల్ మీద అడ్డంగా గీత కొట్టి, మూత తీసి అప్పుడే బయట పెట్టాలి, ప్రమాద గుర్తు ఉన్న సీసా కనిపిస్తే చెత్త ఎత్తేవాళ్లు భయపడి బండి మొత్తం ఆపేస్తారు, అలా ఆపడమే సరైన పని కూడా.

హాస్టల్ గదుల్లో కూడా ఇలాంటివి ఉంటాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. ఇన్సులిన్ సూదులు, షేవింగ్ బ్లేడ్లు గట్టి డబ్బాలో పోగుచేసి హెల్త్ సెంటర్‌లో ఇవ్వండి. గడువు దాటిన మందులు కూడా అక్కడికే, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయకండి. శానిటరీ ప్యాడ్లలో ప్లాస్టిక్, తేమ పీల్చే పాలిమర్ ఉంటాయి, అవి తడి చెత్తా కాదు, రీసైక్లింగూ కాదు. కాగితంలో చుట్టి, పైన గుర్తు పెట్టి, వాటికోసమే ఉంచిన మూత డబ్బాలో వేయాలి. ఆ డబ్బా, చుట్టే కాగితం ప్రతి టాయిలెట్‌లో ఉంచడం హాస్టల్ యాజమాన్యం బాధ్యత, అవి లేకుండా విద్యార్థినులను తప్పుపట్టడం అన్యాయం.

ఎనిమిదో అడుగు: డబ్బాల ఏర్పాటు

ఒంటరి డబ్బా ఎక్కడా ఉండకూడదు. రీసైక్లింగ్ డబ్బా పక్కన చెత్త డబ్బా లేకపోతే అందులోనే చెత్త వేస్తారు, చెత్త డబ్బా ఒక్కటే ఉంటే సీసా కూడా అందులోనే వేస్తారు. చేతిలో వస్తువుతో నడిచే మనిషి ఇంకో డబ్బా వెతుక్కుంటూ వెళ్లడు. క్లాస్‌రూముల్లో బల్లకొకటి ఉన్న చిన్న బుట్టలు తీసేసి, గుమ్మం బయట, మెట్ల దగ్గర, లిఫ్ట్ దగ్గర అన్ని రకాలూ ఒకేచోట ఉండే సెట్లు పెట్టండి.

అన్ని భవనాల్లోనూ ఒకే రంగులు, ఎడమ నుంచి కుడికి ఒకే వరస. లైబ్రరీలో నీలం కాగితానికి, హాస్టల్లో నీలం ప్లాస్టిక్‌కు అయితే జనం చూడటమే మానేస్తారు. మూత ఆకారం కూడా మాట్లాడుతుంది: సీసాలకు, డబ్బాలకు గుండ్రని రంధ్రం, కాగితానికి సన్నటి చీలిక. కప్పుతో వచ్చినవాడి చెయ్యి ఆ చీలిక దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలోనే పోస్టర్ చదువుతాడు. పోస్టర్ మీద ఎక్కడో దొరికిన బొమ్మలు వద్దు, మీ క్యాంటీన్‌లో అమ్మే అదే కప్పు, అదే డబ్బా, అదే రేపర్ ఫొటోలు తీసి కంటి ఎత్తులో అంటించండి. ఆ భవనంలో ఎక్కువగా పొరపడే మూడు వస్తువులు మాత్రం పెద్దవిగా, కాదన్న గుర్తుతో ఉండాలి. రీసైక్లింగ్ డబ్బాలకు పారదర్శక సంచులు వాడితే లోపల తేడా సరుకు ఉంటే ఎత్తేటప్పుడే తెలుస్తుంది.

డబ్బాలు ఎక్కడ పెట్టాలో, ఏ డబ్బా ఎప్పుడు పొంగిపోతుందో పారిశుద్ధ్య కార్మికులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కమిటీలో వాళ్లకు చోటు ఇవ్వండి, మీటింగ్ వాళ్ల డ్యూటీ సమయంలోనే పెట్టండి, గ్లవ్స్, మాస్కులు, బూట్లు సరిపడా ఉన్నాయో లేదో ముందు అది చూడండి.

తొమ్మిదో అడుగు: సంచి విప్పి లెక్క చూడండి

ఏర్పాటు పనిచేస్తోందో లేదో చెత్తను తూచితేనే తెలుస్తుంది. పరీక్షలూ సెలవులూ లేని మామూలు వారంలో ఒక రోజు ఎంచుకోండి. ఒక హాస్టల్, ఒక క్లాసుల భవనం, ఒక క్యాంటీన్ చాలు. ఏ సంచి ఎక్కడిదో, ఏ డబ్బాదో రాసిన చీటీ కట్టి ఒకచోటికి చేర్చండి. నేల మీద టార్పాలిన్, కోతకు తట్టుకునే గ్లవ్స్, మాస్కు, మూసిన బూట్లు, ఒక తూకం యంత్రం కావాలి. ల్యాబ్, హెల్త్ సెంటర్ సంచులను తాకనే కూడదు, సూది కనిపిస్తే ఆపి బాధ్యులను పిలవాలి.

సంచిని ముందు మొత్తంగా తూచి, తర్వాత రకాలుగా ఏరి, ఒక్కో రకాన్నీ తూచండి. రీసైక్లింగ్ సంచుల మొత్తం బరువు 40 కిలోలు ఉండి, అందులో ఉండకూడనివి 9 కిలోలు వచ్చాయనుకోండి, కల్తీ 22.5 శాతం. చెత్త సంచులకు తిరగేసి లెక్క చూడాలి, రీసైకిల్ కావాల్సింది, కంపోస్ట్ కావాల్సింది ఎంత అందులో పడిందీ అని. శాతాల కన్నా విలువైనవి వస్తువుల పేర్లు. కల్తీలో సగం ఒకే క్యాంటీన్ కప్పు అని తేలితే చేయాల్సింది అవగాహన కార్యక్రమం కాదు, ఆ కప్పు మార్చడం. చెత్తలో సీసాలే ఎక్కువుంటే ఆ అంతస్తులో డబ్బా తక్కువైందని అర్థం.

అమెరికాలో ఒహాయో యూనివర్సిటీ, మయామీ యూనివర్సిటీ 2001లో ఎవరు ఎక్కువ రీసైకిల్ చేస్తారో చూద్దామని మొదలుపెట్టిన పోటీ తర్వాత ఎన్నో క్యాంపస్‌లకు పాకింది. హాస్టళ్ల మధ్య మీరూ అలాంటి పోటీ పెట్టొచ్చు. కాకపోతే రీసైక్లింగ్ బరువు ఒక్కదాన్నే లెక్కపెడితే ఎక్కువ సీసాలు కొన్నవాళ్లే గెలుస్తారు, కాబట్టి మనిషికి మొత్తం చెత్త ఎంత, కల్తీ ఎంత అన్నవి కూడా మార్కుల్లో చేర్చండి.

పదో అడుగు: ఈవెంట్లు, గదులు ఖాళీ చేసే రోజులు

ఏడాదంతా కూడబెట్టిన క్రమం ఈ కొద్ది రోజుల్లో చెదిరిపోతుంది. ఈవెంట్ అనుమతి పత్రంలోనే చెత్త గురించి ఒక పేజీ పెట్టండి: ఏ పాత్రల్లో వడ్డిస్తారు, నీళ్లు సీసాల్లోనా క్యాన్లలోనా, ఎన్ని సెట్ల డబ్బాలు, ఎవరు నిలబడతారు. ప్రతి సెట్ దగ్గర ఒక వాలంటీర్ నిలబడి "ఇది ఇందులో" అని చూపిస్తే కల్తీ బాగా తగ్గుతుంది, వాలంటీర్లు దొరక్కపోతే డబ్బాల సంఖ్య తగ్గించండి, కాపలా లేని పది సెట్ల కన్నా మనిషి ఉన్న నాలుగు నయం. బ్యానర్ల మీద తేదీ వేయకపోతే మరుసటి ఏడు కూడా పనికొస్తాయి.

హాస్టల్ ఖాళీ చేసే వారంలో పరుపులు, బకెట్లు, టేబుల్ ల్యాంపులు, పుస్తకాలు, బట్టలు, తెరవని తిండి ప్యాకెట్లు, అన్నీ చెత్తకుప్పలోకే వెళ్లిపోతాయి. చివరి రోజున ప్రకటన ఇస్తే ఎవరికీ తీరిక ఉండదు. రెండు మూడు వారాల ముందే ప్రతి హాస్టల్లో ఒక గది తెరిచి, అరల మీద రకం పేరు రాసి, పని చేసే వస్తువులు అక్కడ పెట్టమనండి. కరెంటు వస్తువులను పరీక్షించి పనిచేస్తాయన్న చీటీ అంటించండి, బట్టలు ఉతికినవే తీసుకోండి. మిగిలినవాటిని ఒక తాళం గదిలో భద్రపరిచి కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారంలో పంచండి. ఆ పంచే రోజునే, ఆ గది దగ్గరే, వాళ్లకు డబ్బాల సెట్ చూపించి నాలుగు ప్రశ్నలూ నేర్పండి. కాంట్రాక్టర్‌తో ఒప్పందం మారిన ప్రతిసారీ తీసుకునే వస్తువుల జాబితా మళ్లీ అడిగి తీసుకోండి, దాన్ని బట్టి పాత పోస్టర్లు తీసేసి కొత్తవి అంటించండి.